ఈశాన్యానికి వాలిన నేల

సొలొమోను బీరువా పక్కన బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, దాని కాళ్ళ సందులోంచి అవతలికి చూస్తున్నాడు. చేయి చాచి గ్లాసులోని నీళ్ళు కాసిని బీరువా ముందు ఒంపాడు. నీళ్ళు ఎటు పోదామా అని కాసేపు ఆలోచించి, మెల్లగా గుమ్మం వైపు దారి తీశాయి.

"ఈశాన్యమేనండి," అన్నాడు, తప్పిపోయిన చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

బెజవాడలో ఇల్లు కట్టే ప్రతివాడూ నేలను ఈశాన్యానికి వాలుగా వేయిస్తాడు, నీళ్ళు అటు పారితే కలిసొస్తుందని. డబ్బుండే బీరువాను మాత్రం నైరుతి మూల, మెరక మీద నిలబెట్టి, మొహం ఉత్తరానికి తిప్పుతాడు, అది కుబేరుడి దిక్కని. గోడకు ఆనకూడదని వెనక జానెడు సందు కూడా వదులుతాడు. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక ఆ బీరువా ముందుకు వంగి, వచ్చేపోయే వాళ్ళందరికీ దండం పెడుతూ నిలబడుతుంది. ఎప్పుడో ఒకనాడు ఆ దండం కాస్తా సాష్టాంగమవుతుంది.

వన్‌టౌన్‌లో బీరువాల షాపులో సొలొమోను పని, అమ్మిన సరుకును ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళి, మెట్లెక్కించి, చూపించిన చోట దింపి రావడం. అంతటితో షాపు పని అయిపోతుంది, మోసిన కుర్రాళ్ళు ఆటోతోపాటు వెళ్ళిపోతారు. ఆ తర్వాత నేలమీద పడి నీళ్ళు ఒంపడం, కాళ్ళ కింద చెక్కలు దోపడం అతని సొంత పని. షాపులో కుర్రాళ్ళు 'బీరువాల పాస్టరు' అని ఏడిపిస్తారు. ప్రతి బీరువా ముందూ సాగిలపడి ప్రార్థన చేస్తాడట. మనిషీ బీరువాలాగే ఉంటాడు. పొడుగు, పలచన, చదరపు భుజాలు, నోరు తెరిస్తే కీచుమనే గొంతు. అరవై దాటినా ఆ భుజాలు వంగలేదు. ఎడమ భుజం మీద మాత్రం, తాళ్ళు ఒరిసి ఒరిసి, వేలు పట్టేంత గాడి పడింది.

ఇవాళ దింపింది భవానీపురంలో, మేడ మీద వాటాలో. కొత్తగా అద్దెకు దిగిన క్రిస్టినా ఆసుపత్రిలో నర్సు. భర్త లారీ మీద ఒరిస్సా వెళ్ళాడు. మూడేళ్ళ కూతురు డయానా, ఎక్కడానికి వీలున్న ప్రతిదాన్నీ ఎక్కుతుంది. ఇంటావిడ పెద్దింట్లమ్మ కింది వాటాలో ఉంటుంది. కొల్లేటి చేపల బుట్టలు నెత్తిన మోసి మోసి కట్టుకున్న ఇల్లు. గోడలో మేకు దిగితే ఆవిడ ఒంట్లో దిగినట్టే.

"ఏవయ్యోయ్, డ్రిల్లుగానీ తెచ్చావా?" గుమ్మంలోంచే అడిగిందావిడ.

"నా దగ్గర డ్రిల్లుంటే మీరు మెట్లెక్కనిస్తారా అండీ?"

"అదీ మరి! ఎనక సందు కూడా మూయబాక. గాలాడాలి."

"గాలితోపాటు బీరువా కూడా ఆడుద్దండి."

"నోరెక్కువేనే నీకు!"

సొలొమోను లేచి కూర్చున్నాడు. ఇలాంటప్పుడు చెప్పే కథ ఒకటుంది అతని దగ్గర.

"ఇబ్రహీంపట్నంలో ఒకాయన బీరువా ఇట్టాగే వదిలేశాడండి. బొగ్గు రైళ్ళ అదురుకి రాత్రికి కాస్త, రాత్రికి కాస్త నడిచి, ఎండాకాలానికి వీధి గుమ్మంలోకొచ్చి నిలబడింది. పోస్టుమాను ఉత్తరం దాని చేతికిచ్చి పోయాడు."

"దానికి చేతులెక్కడియ్ బాబాయ్?" క్రిస్టినా నవ్వింది.

"పిడి ఉందిగా తల్లీ. తాళాలు కూడా దాని దగ్గరే ఉండేసరికి, ఇంటి ఓనరనుకున్నాడు."

పెద్దింట్లమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వినవాళ్ళు రెండు చెక్కలు దోపుకోవడానికి అడ్డం చెప్పరని సొలొమోనుకు తెలుసు. క్రిస్టినా టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. అతను మళ్ళీ నేలకు చెంప ఆనించాడు.

బొగ్గు రైళ్ళ అదురు అబద్ధం. పోస్టుమానూ అబద్ధమే. బీరువా మాత్రం నిజం. అది సొలొమోను సొంత బీరువా. ఇబ్రహీంపట్నంలో అద్దె గదిలో ఒక్క మేకు కొట్టుకుంటానని అడిగితే ఇంటాయన వద్దన్నాడు. సరేనన్నాడు సొలొమోను. పై అరలో క్రిస్మస్ గౌను ఉందని నాలుగేళ్ళ కూతురు మార్త తలుపు తీసి, కింది అరలో కాలు పెట్టి ఎక్కింది. బీరువా పిల్ల మీదికి ఒరిగింది. గది ఖాళీ చేసిన రోజున ఇంటాయన గోడ తడిమి చూసి, ఎక్కడా గీత కూడా పడలేదని మెచ్చుకుని పంపాడు.

అప్పటినుంచీ ఏ ఇంట్లో పడుకుని చూసినా, కాళ్ళ సందుకు అవతల, రెండు చిన్న పాదాలు నిలబడి ఉంటాయి. "పక్కకు జరుగమ్మా," అని గొణుగుతాడు. చెక్కలన్నీ బిగించి మళ్ళీ చూస్తే ఉండవు. అవి పోయేదాకా అతను ఆ ఇల్లు దాటి రాలేడు.

ఇవాళా ఉన్నాయి. "పక్కకు జరుగమ్మా," అన్నాడు.

మువ్వల చప్పుడైంది. మార్తకు పట్టీలు లేవు.

చూస్తుండగానే ఒక పాదం నేల వదిలి పైకి పోయింది. వెనకాలే రెండోదీ పోయింది.

అతను ఎలా లేచాడో అతనికే తెలియదు. తెరిచిన తలుపు పట్టుకుని డయానా నడిమి అర దాకా ఎక్కేసింది. బీరువా వెనక కాళ్ళు అప్పటికే నేల విడిచాయి. సొలొమోను పిల్లను గుండెకు అదుముకుంటూ, ఎడమ భుజం బీరువా అంచుకు ఆనించి నిలబడ్డాడు.

"అమ్మాయ్! పిల్ల!" అని అరిచాడు.

క్రిస్టినా పరుగున వచ్చి అతని చంక కిందనుంచి పిల్లను లాక్కుంది. పెద్దింట్లమ్మ చీర ఎగదోపి, రెండు చేతులూ బీరువాకు వేసి, "తొయ్యి, తొయ్యి," అంటూ తోసింది. బీరువా వెనక్కి వెళ్ళి కాళ్ళు నేలకు దిగేసరికి ముగ్గురూ ఆయాసపడుతున్నారు. డయానా మాత్రం మళ్ళీ ఎక్కుతానని ఏడుపు.

పెద్దింట్లమ్మ నెమ్మదిగా అంది. "గోడకో మేకు కొట్టుకోవయ్యా. పోతే పోయింది గోడ."

ఆ మాట ఇంకొకాయన నోట రావలసింది. సొలొమోను ఆ గోడను అరచేత్తో ఒకసారి తడిమాడు.

"వద్దులెండి. అటక ఉందిగా."

ముందు కాళ్ళ కింద సైకిల్ ట్యూబు ముక్కలు పరిచి చెక్కలు దిగ్గొట్టాడు. బీరువా మొట్టమొదటిసారి తల వెనక్కి ఎత్తింది. చీపురు ఈనె విరిచి అటకకూ బీరువాకూ మధ్య ఎడం కొలిచి, దిమ్మ కోసి, కదలకుండా బిగించాడు. నైలాన్ పట్టీ ఒకటి కిటికీ గ్రిల్లుకు కట్టాడు. ప్రతి దెబ్బకూ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"చెమటలేంటి బాబాయ్ అట్టా? ఆసుపత్రికి పోదాం పదండి," అంది క్రిస్టినా.

"భుజం పట్టేసిందంతే తల్లీ. కింది అరలో బరువుండాలి. ఏవన్నా ఉందా?"

"బియ్యం బస్తా సోమవారం గానీ రాదు."

అతను తన పనిముట్ల సంచి ఎత్తి కింది అరలో పెట్టాడు. "రేపు ఆదివారం, నాకు దీంతో పనిలేదు. బియ్యం వచ్చాక తీసుకుపోతా." నేలకు చెంప ఆనించి ఒకసారి చూసుకుని, గ్లాసెడు నీళ్ళు తాగి మెట్లు దిగాడు.

బస్టాపులో బెంచీ ఖాళీగానే ఉంది. అయినా పక్కన ఎవరికో చోటిస్తున్నట్టు ఒక చివరికి జరిగి కూర్చున్నాడు. బస్సు వచ్చింది. "పెద్దాయనా, ఎక్కుతావా?" అని కండక్టరు కేకేశాడు. కునుకు తీస్తున్నాడనుకుని రైట్ రైట్ అన్నాడు. రెండో బస్సు వాళ్ళు దిగి చూశారు.

సోమవారం బియ్యం వచ్చాయి. సంచి సంగతి చెబుదామని షాపుకు ఫోన్ చేసినప్పుడు గానీ అతను బస్టాపులోనే పోయాడని క్రిస్టినాకు తెలియలేదు. సంచి తీసుకుపోయేవాళ్ళెవరూ లేరని కూడా వాళ్ళే చెప్పారు. బియ్యం బస్తా వంటింట్లో దించించింది.

కింది అరలో ఖాకీ సంచి అలాగే ఉంది. సుత్తి పిడి ఒకటి అంచు దాటి బయటికి వచ్చింది, ఇప్పుడే ఎవరో చేయి వేసి తీయబోతున్నట్టు.