తెల్లకోటు

పొద్దున్నే కొట్టు తలుపు తీయడం, మిషనుకు నూనెచుక్క వేయడం, నిన్నటి గుడ్డపీలికలు ఊడ్చడం, ఆ తర్వాతే టీ. టైలరుకు ఏళ్లుగా ఇదే వరస. ఈ ఏడు మాత్రం టీ చల్లారిపోతోంది. ఎదురుగా ఉన్న ప్రభుత్వ హైస్కూల్లో కెరీర్ అకాడమీలు పెట్టారు మరి. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరోగ్యమో, నిర్మాణమో, వ్యాపారమో ఒకటి ఎంచుకుని, దాని రంగు కోటు వేసుకోవాలి. తెలుపు, నీలం, గోధుమరంగు. కోట్లన్నీ కుట్టేది ఈయనే.

ఆయన కూతురు క్లాసులో అందరికన్నా పొడుగు. స్నేహితులు ‘స్తంభం’ అని పిలిస్తే దర్జాగా పలికేది. ఇంట్లో కుళాయి కారినా, గోడ పెచ్చులూడినా కొంగు బిగించినట్టు చున్నీ బిగించి తనే బాగుచేసేది. చేరే రోజున పెద్ద మేడమ్, “ఏ అకాడమీ తల్లీ?” అని పిల్లనే అడిగింది. పిల్ల నోరు తెరిచేలోపే టైలరు “ఆరోగ్యం” అనేశాడు. ఆసుపత్రి ఉద్యోగమైతే నీడపట్టున ఉంటుందని ఆశ. ఆశపడితే తప్పులేదు గానీ, అడగకపోవడం తప్పే.

“ఒకసారి కోటు తొడిగాక చదువయ్యేదాకా మార్చడానికి లేదండీ. కుర్చీ ఖాళీగా కనబడితే పైవాళ్లు ఊరుకోరు,” అంది మేడమ్.

“మార్చే పనేముందండీ?” అన్నాడు టైలరు.

తెల్లకోటు వేసుకున్న వారానికే పిల్ల పొట్టిదవడం మొదలైంది. వేళ్లు కోటు చేతుల్లో మునిగిపోయాయి. చూసినవాళ్లెవరూ పట్టించుకోలేదు. ఎదిగే పిల్లలకు బట్టలు వదులుగా కుట్టించడం మామూలే కదా! “మంచి పని చేశావయ్యా, రెండేళ్లు వస్తుంది,” అని టైలరును మెచ్చుకున్నారు కూడా.

భార్య మెచ్చుకోలేదు. “దాని తల నా నెత్తికన్నా పైన ఉండేది. ఇప్పుడు నడుం దగ్గరుంది. కళ్లు కనబడట్లేదా నీకు?”

“కోటుదే లోపం. కాస్త బిగిస్తాలే.”

బిగించాడు. ప్రతి ఆదివారం చేతులు మడిచాడు, పక్కలు లోపలికి పట్టాడు, అంచు పైకి కుట్టాడు. సోమవారానికి కోటు అతికినట్టు సరిపోయేది. సరిపోయింది కాబట్టి పిల్ల బాగానే ఉందని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. మేడమ్ దగ్గరికి వెళ్లి, పొరపాటు నాదేనండీ అనడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

ఒక ఆదివారం పిల్లను కుట్టుబల్ల మీద నిలబెట్టి టేపు తీశాడు.

“నాన్నా,” అంది పిల్ల. గొంతు మాత్రం తగ్గలేదు. “నువ్వు బిగిస్తున్నావు కాబట్టే ఎవరికీ తెలియట్లేదు. ఈసారి వదిలెయ్.”

“నలుగురూ నవ్వుతారే.”

“నవ్వనీ. రేపు నేనే లేకపోతే ఎవర్ని కొలుస్తావ్?”

టైలరుకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమంతా కూర్చుని తను వేసిన కుట్లన్నీ విప్పాడు.

మర్నాడు పిల్ల కోటు ఈడ్చుకుంటూ బడికి పోయింది. వెనకే టైలరు. ఆరోగ్యం గది గుమ్మంలో మేడమ్ ఎదురైంది.

“ఇదేం కోటండీ?”

“కోటును కాదు మేడమ్, పిల్లను చూడండి. దాన్ని మాట్లాడనివ్వకుండా ఇక్కడ చేర్చింది నేనే.”

మేడమ్ చూసింది. “కుర్చీ ఖాళీ చేయించలేనండీ,” అంది చివరికి, బాధగానే.

పిల్ల వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. పేరు పిలిస్తే పలికింది. తర్వాత కోటు అంచు కిందనుంచి జారి, మేడమ్ చెప్పుల పక్కనుంచి గుమ్మం దాటి, మైదానం అవతల నిర్మాణం షెడ్డులోకి నడిచింది. కోటు కుర్చీలో నిటారుగా కూర్చునే ఉంది. మేడమ్ కిటికీ వైపు తిరిగింది. ఆనాటి నుంచి ఆ పేరు పిలిస్తే కోటే చెయ్యెత్తుతోంది, టీచరు హాజరు వేస్తోంది.

షెడ్డులో పిల్ల ఇటుకలు పేర్చి, వాటి మీద నిలబడి గోడ కట్టడం నేర్చుకుంటోంది. ఇక అంత ఎత్తు అక్కర్లేదనిపించినప్పుడల్లా కాళ్లకింద నుంచి ఒక ఇటుక తీసి గోడలో పెడుతోంది.

టైలరు నీలంగుడ్డ పట్టుకుని ఒకరోజు అక్కడికి వెళ్లాడు. “కోటు కుట్టనా అమ్మా?”

పిల్ల తాపీ ఆపింది. “ఇప్పుడే వద్దు నాన్నా. నువ్వు టేపు తీస్తే నాకింకా భయమేస్తుంది.”

ఆయన గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు. వెళ్లబుద్ధి కాక, పిల్ల అడిగిన ఇటుకలు అందిస్తూ సాయంత్రందాకా అక్కడే ఉండిపోయాడు.