తిరుగు కానుక

కొండల నడుమ మా మినోసవ ఊళ్ళో ఎవరికైనా ఏదైనా ఇవ్వడం అంత తేలిక కాదు. పక్కింటికి నాలుగు ముల్లంగి దుంపలు పంపితే వారం తిరక్కుండా ఊరగాయ సీసా వస్తుంది. సీసా పుచ్చుకుని ఊరుకుంటే మనం మనుషులం కాదు కాబట్టి మళ్ళీ మనం ఏదో పంపాలి. పెళ్ళికిచ్చినా చావుకిచ్చినా అందులో సగం విలువకు తిరుగు కానుక వచ్చి తీరాల్సిందే. అందుకే కష్టంలో ఉన్న ఇంటికి సాయం చెయ్యాలంటే, తిరిగి ఇచ్చుకునే శక్తి వాళ్ళకి ఉందా అని ముందు ఆలోచిస్తాం. లేదనిపిస్తే చేతులు ముడుచుకుని కూర్చుంటాం. పట్నం వాళ్ళు మమ్మల్ని రాతిగుండెల మనుషులంటారు. అననీ.

యసూజి విషయంలో కూడా మొదట చేతులు ముడుచుకునే కూర్చున్నాం. కలప మిల్లులో రంపం అతని కుడిచేతి వేళ్ళు మూడు తీసుకుపోయింది. మరుసటి ఏడు ఆ మిల్లే మూతపడింది. అప్పట్నుంచి గుమ్మం దాటడం మానేశాడు. ఆ శీతాకాలం మొదటి మంచు పడినరోజు అతని భార్య ఫుకియే ఊరంతా వెతికి వెతికి, చివరికి లోయ మీది వంతెన దగ్గర పట్టుకుంది. బూట్లు విప్పి, రెండూ జతగా పక్కన పెట్టి, మేజోళ్ళతో మంచులో నిలబడి ఉన్నాడట. చావబోయేవాళ్ళు బూట్లు అలా విప్పి పెడతారని మా దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు. చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు, ఊరందరికీ తెలుసు.

వసంతం వచ్చాక అతను ఒక పని చేశాడు. మిల్లు వాళ్ళిచ్చిన పరిహారంతో పట్నంలో ఎవరో వదిలించుకున్న పాత వెండింగ్ మెషిన్ కొనుక్కొచ్చి, ఇంటిముందు రోడ్డు పక్కన నిలబెట్టాడు. డబ్బా కాఫీ, టీ, మొక్కజొన్న సూపు. వేసవిలో చల్లగా, చలికాలంలో వేడిగా. బడి ఎత్తేసిన ఊరు, బస్సు రోజుకి ఒక్కసారి వచ్చే ఊరు. నా సెలూన్లో కుర్చీలో కూర్చుని కన్సుకే వెటకారమాడాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఉత్తరాలు మోసి మోసి నడుం పోగొట్టుకున్న మనిషి, నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది.

"నక్కలకి అమ్ముతాడు కాబోలు. వాటి దగ్గర చిల్లర ఉంటుందంటావా, ఇకుయో?"

"తల కదపకు. చెవి తెగుతుంది," అన్నాను నేను.

మర్నాడు ఫుకియే పరుగున వచ్చింది. అప్పుడు కూడా కన్సుకే ఉన్నాడు. బల్లమీద తోమె అవ్వ ఉంది. వరినాట్లు వేసి వేసి నడుం రెండుగా మడతపడిన ముసలమ్మ, నడుస్తుంటే తల మోకాళ్ళ ఎత్తులో ఉంటుంది.

"రాత్రి అన్నం తిన్నాడొదినా," అంది ఫుకియే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మారు వడ్డించుకున్నాడు. తోమె అవ్వ ఒక డబ్బా కొంది కదా, అందుకు. 'చూశావా, అమ్ముడైంది' అని నాలుగుసార్లు చెప్పాడు."

తోమె అవ్వ తన చేతికర్రను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. ఆ సాయంత్రం నేను చిల్లర తీసుకుని మెషిన్ దగ్గరికి వెళ్తే కన్సుకే అప్పటికే ఒక్కో జేబులో ఒక డబ్బా వేసుకుని తిరిగొస్తున్నాడు. చలి ఇంకా తగ్గలేదని ఒకరికొకరం చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళం పోయాం.

అలా మొదలైంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా కూర్చుని మాట్లాడుకోలేదు. మెషిన్‌కి మొహం లేదు. తల వంచి కృతజ్ఞతలు చెప్పదు, ఎవరు కొన్నారో గుర్తుపెట్టుకోదు. బిళ్ళ వేస్తే డబ్బా పడుతుంది, అక్కడికక్కడే ఋణం చెల్లు. తిరుగు కానుక అక్కర్లేని సాయం మా ఊరికి మొదటిసారి దొరికింది. మేం చేసింది తప్పని నేనిప్పటికీ అనను.

కాకపోతే ఒకటి మేం ఊహించలేదు. యసూజి దాన్ని వ్యాపారమనుకున్నాడు.

తోమె అవ్వ రోజూ పొద్దున్నే ఒకటి, సాయంత్రం ఒకటి కొనేది. వంగిన నడుంతో ఆమె చెయ్యి కింది వరుస దాటి పైకి పోదు. ఆ వరుసలో ఎలుగుబంటి బొమ్మ ఉన్న కాఫీ ఉండేది. చక్కెర పాకంలో కాఫీ వాసన చూపించినట్టుంటుంది. అది ఎప్పుడూ ముందుగా ఖాళీ అయ్యేసరికి, ఊరి నాడి దొరికిందనుకున్నాడు యసూజి. పై వరుసల్లో కూడా ఎలుగుబంటినే నింపాడు. ఇక మాకు గతి లేదు, ఊరంతా ఎలుగుబంటి కాఫీయే.

"వ్యాపారమంటే ఏంటనుకున్నావొదినా?" గడ్డం గీయించుకుంటూ నాకు పాఠం చెప్పేవాడు. "సరుకు కాదు. మనిషి నోరు దేనికి లాగుతోందో వాడికన్నా ముందు మనకి తెలియాలి."

"అబ్బో. నా నోరు దేనికి లాగుతోందో చెప్పు చూద్దాం."

"ఎలుగుబంటికి," అని నవ్వేవాడు. ఎంత హాయిగా నవ్వేవాడో. కత్తి తుడిచే వంకతో నేను అటు తిరిగేదాన్ని.

రెండో మెషిన్ గుడి మెట్ల దగ్గర పెట్టాడు. మూడోది ఊరి సభా భవనం ముందు. ప్రతిచోటికీ ముందుగా మిఠాయి పెట్టెతో వెళ్ళి, చుట్టుపక్కల ఇళ్ళకి నమస్కరించి, 'దీపం వెలుతురు మీ కిటికీలో పడుతుంది, మన్నించాలి' అని చెప్పి వచ్చేవాడు. ఒక వ్యాను కొన్నాడు. నీలం చొక్కా జేబు మీద ఫుకియే చేత ఇంటిపేరు పెట్టి 'కుదో పానీయాలు' అని కుట్టించుకున్నాడు. ఎడమచేత్తోనే డబ్బాలు ఒక్కొక్కటీ తిప్పి, అడుగున తేదీ చూసి, పాతవి ముందు పడేలా పేర్చేవాడు. మంచు పడినరోజు తన గుమ్మం కంటే ముందు మెషిన్ల ముందు తవ్వేవాడు. నాలుగోది బస్సు షెడ్డు దగ్గర పెట్టేనాటికి ఆ ఒక్క బస్సు కూడా రావడం ఆగిపోయింది. ఊళ్ళో మనుషులు తగ్గుతున్నారు, మెషిన్లు పెరుగుతున్నాయి. చావులకి వెళ్ళొచ్చే దారిలో, పోయినవాళ్ళ వాటా కూడా కలిపి మేమే కొనేవాళ్ళం.

ఆ డబ్బాలు ఏం చెయ్యాలో చెప్పండి. తాగితే కడుపులో మంట. పారబోద్దామంటే ఖాళీ డబ్బాల సంచి వీధి చివర అందరూ చూసేచోట పెట్టాలి. నేను పెరట్లో చీకటి పడ్డాక పోసేదాన్ని. కన్సుకే స్నానాల తొట్టిలో కలిపాడని ఒక పుకారు. తోమె అవ్వకి మాత్రం చక్కెర జబ్బు, డాక్టరు తీపి ముట్టద్దన్నాడు. యుద్ధకాలంలో ఆకలితో పెరిగిన మనిషి, తాగే వస్తువు నేలపాలు చేస్తే చేతులు కుళ్ళిపోతాయనేది. మరి ఏం చేస్తోందో మేం అడగలేదు.

నిరుడు ఆకురాలే కాలంలో ఫుకియే సెలూన్ మూసే వేళకి వచ్చి బల్లమీద కూర్చుంది.

"నిజం చెప్పొదినా. ఈ ఊళ్ళో ఇంత దాహం ఎక్కడిది?"

నేను చీపురు ఆపలేదు.

"వాళ్ళ నాన్న వేసిన దేవదారు తోట అమ్ముతానంటున్నాడు," అంది. "సొరంగం అవతల హైవే మీద రెండు కొత్త మెషిన్లట. చలికాలం దాటాక సంతకం పెడతాడట. ఆ తోట తప్ప మాకింకేం లేదు. మిమ్మల్నందర్నీ చేతులెత్తి వేడుకుంటున్నా, కొనడం కొంచెం కొంచెంగా తగ్గించండి. తోట అమ్మకం ఆగితే చాలు."

ఆమెకి ఎంతకాలంగా తెలుసో నేనడగలేదు. తగ్గించాం. పది రోజులైనా కాలేదు, యసూజి మాట తగ్గిపోయింది. మెషిన్ తలుపు తీసి తీగలు చూస్తాడు, అద్దం తుడుస్తాడు, మళ్ళీ తీస్తాడు. ఒక పొద్దున ఫుకియే లేచేసరికి గుమ్మంలో అతని బూట్లు శుభ్రంగా తుడిచి జతగా పెట్టి ఉన్నాయట. ఏడుస్తూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆ సాయంత్రానికి నాలుగు మెషిన్లూ ఖాళీ. తోట పోతే పోయింది, మనిషి ఉంటాడు అనుకున్నాం.

సంతకం ఇంకా పెట్టకముందే, నడి చలికాలంలో తోమె అవ్వ నిద్రలో పోయింది. మంచి చావు. పట్నం నుంచి కూతురు రిత్సుకో వచ్చి అన్నీ పద్ధతిగా జరిపించింది. దహనం అయ్యాక అందరం అవ్వ ఇంట్లోనే చాపలమీద కూర్చున్నాం. రిత్సుకో గుమ్మం దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, చావుకి మేమిచ్చిన దానికి తిరుగు కానుకగా తలా ఒక కాగితం సంచి ఇస్తోంది. నా సంచి అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. లోపల చూస్తే టీ పొట్లం కింద ఎలుగుబంటి.

"అమ్మకి ఈ కాఫీ అంటే ప్రాణం అనుకుంటానండి," అంది రిత్సుకో, అందరూ వినేలా. ఏడుస్తూనే నవ్వింది. "పక్కలు పెట్టుకునే అలమారా నిండా ఇవే. రెండో గదిలో కూడా నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. డాక్టరు వద్దన్నాడని తాగకుండా దాచుకుందేమో పిచ్చి తల్లి. ఆమె పేరు చెప్పుకుని మీరైనా తాగండి."

యసూజి సంచిలోంచి ఒక డబ్బా తీశాడు. అలవాటు కొద్దీ తిప్పి అడుగున తేదీ చూశాడు. రెండోది తీసి చూశాడు. మూడోది చూశాక మూడూ తన మోకాళ్ళ ముందు వరసగా పెట్టుకున్నాడు.

"అన్నీ మూత తియ్యనివేనా అమ్మా?" అని అడిగాడు.

"అన్నీనండి. ఒక్కటి కూడా తాగలేదు."

అక్కడితో ఊరుకున్నా పోయేది. ఏదో అనుమానంలోనే ఉండిపోయేవాడు. కన్సుకే నోరు ఊరుకుందా?

"నేను మాత్రం తాగుతానయ్యా యసూజీ," అన్నాడు. "రోజూ తాగుతాను. నాకిష్టం. నిజంగా ఇష్టం."

అతన్ని ఎవరూ అడగలేదు. యసూజి తలెత్తి మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ వచ్చాడు. మేం చాపలకేసి చూశాం. నా వంతు వచ్చినప్పుడు నేనూ చాపనే చూశాను. ఇన్నేళ్ళ వ్యాపారం లెక్క అతనికి అక్కడే తేలిపోయింది.

బయటికి వచ్చేసరికి నాలుగు గంటలకే చీకటి దిగుతోంది. యసూజి ఇంటిముందు మెషిన్ వెలుగుతోంది. ముందు నడుస్తున్న కన్సుకే దాని దగ్గర ఆగాడు. జేబులో చెయ్యి పెట్టి బిళ్ళ తీసి వేశాడు. ఏం చెయ్యాలో తోచక చేశాడు, పాపం. అతని వెనక ఇంకొకరు ఆగారు. ఆ వెనక ఇంకొకరు. చూస్తుండగానే ఊరంతా చావుకి కట్టుకున్న బట్టల్లో, చేతుల్లో ఎలుగుబంటి డబ్బాల సంచులతో, మళ్ళీ ఎలుగుబంటి డబ్బాలు కొనడానికి వరసలో నిలబడ్డాం. నేనూ నిలబడ్డాను. మాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

యసూజి వెనకనుంచి వచ్చి కాసేపు ఆ వరసని చూశాడు. తర్వాత మెషిన్ వెనక్కి వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. దీపం ఆరింది, మోత ఆగింది. కన్సుకే బిళ్ళ లోపలే ఉండిపోయింది.

"ఇక చాలండి," అన్నాడు. కోపం లేదు గొంతులో. "చలిగా ఉంది. ఇళ్ళకి వెళ్ళండి."

మర్నాడు నాలుగు మెషిన్లలో ఉన్న సరుకంతా వ్యానుకెత్తుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నా గుమ్మంలో రెండు పెట్టెలు దించి, మెట్టుకి నుదురు ఆనేలా వంగాడు.

"ఇన్నేళ్ళు మీరిచ్చినదానికి సగం కాదొదినా. సగంలో సగం కూడా కాదు. నా దగ్గరున్నది ఇంతే."

పుచ్చుకోనంటే అతన్ని అవమానించినట్టు. పుచ్చుకుంటే అతని చేతిలో ఇక ఏమీ లేనట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరిమీదో తెలియదు. పుచ్చుకున్నాను. అందరూ పుచ్చుకున్నారు. దేవదారు తోట దక్కింది, కానీ ఎవరికీ ఏమీ బాకీ లేని మనిషిని చూస్తే మా ఊళ్ళో ఎవరికైనా భయమే.

ఆ భయంతోనే ఆ లోయ వంతెన మీద మంచు తవ్వడం మొదలుపెట్టాం. దాని అవతల ఇళ్ళు ఎప్పుడో ఖాళీ అయ్యాయి, దాటేవాళ్ళెవరూ లేరు. అయినా రోజుకొకరం పార తీసుకుని వెళ్ళి చీకటిపడేదాకా అక్కడే ఉంటాం. ఇదీ ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

నా వంతు వచ్చినరోజు మంచు పడలేదు. వంతెన తుడిచినట్టుంది. నేను ఉత్త పారతో ఉత్త చెక్కల్ని గీకుతున్నాను. అడుగుల చప్పుడు వినిపించి చూస్తే యసూజి. టోపీ లేదు. నేను ముందు అతని కాళ్ళకేసి చూశాను. బూట్లున్నాయి. నేనెక్కడ చూశానో అతను చూశాడు.

"మంచు లేదు కదొదినా," అన్నాడు.

"పడుతుందని," అన్నాను.

వంతెన కమ్మీ పట్టుకుని కింద ఏటికేసి చాలాసేపు చూశాడు. నేను పార గీకుతూనే ఉన్నాను, ఆపితే ఏమవుతుందోనని.

"రేపెవరి వంతు?"

అబద్ధమాడదామనుకున్నాను, నోరు రాలేదు. "కన్సుకేది."

"అతన్ని రావద్దని చెప్పు. నడుం నొప్పి మనిషి, చలికి పడిపోతాడు."

అనేసి ఊరివైపు తిరిగి వెళ్ళిపోయాడు. కన్సుకే మీద జాలితో అన్నాడో, రేపు వంతెన ఖాళీగా ఉండాలనే అన్నాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. కన్సుకేకి నేను ఆ మాట చెప్పలేదు. మర్నాడు ఇద్దరం వెళ్ళాం.