పటంలో ఆరడుగులు

ఇటుకల లారీ వచ్చి ఆగినా టైలరమ్మ మిషను తొక్కడం ఆపలేదు. చొక్కా చేతిని భుజానికి అతుకుతోంది. మధ్యలో ఆపితే కుట్టు వంకర పోతుంది. చివరిదాకా తొక్కి, దారం తెంపి, అప్పుడు లేచి బయటికి వచ్చింది. ఆమె గడప నుంచి వీధిదాకా వెళ్లే సందులో ఇద్దరు మనుషులు ఇటుకలు పేరుస్తున్నారు. అప్పటికే నడుమెత్తున లేచాయి. మిగిలిన జాగాలో మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టడు.

సందు మొదట్లో ఆమె బావగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. భర్తకి సొంత అన్న. వీధిలోవాళ్లు ఆయన్ని తాళాలాయన అంటారు. నీళ్ల డ్రమ్ముకి కూడా తాళం వేసే మనిషి.

"ఇవి ఇక్కడ దించుతున్నారేంటి బావగారూ? మనుషులు రావద్దూ?"

"ఎల్లుండి నుంచి ఇటు ఎవరూ రానక్కర్లేదమ్మా. వీధి వైపు షట్టరు, మీ వైపు గోడ, పైన కప్పు. అల్లుడు మందుల షాపు పెట్టుకుంటాడు."

"మరి మేం వీధిలోకి ఎగిరి దూకాలా?"

"వెనక గోడకి తలుపు పెట్టుకోండి. మురుగుకాలవ గట్టు ఉందిగా."

"ఆ గట్టు మీద పిల్లి కూడా రెండోసారి నడవదు."

కిటికీలోంచి తోటికోడలు గొంతు వచ్చింది. "నీకేమే, సన్నగా ఉన్నావు, ఎలాగైనా దూరతావు. నీకు కొలతలివ్వడానికొచ్చే ఆడవాళ్లకే పాపం."

"నీ కొలతలు కూడా నా పుస్తకంలో ఉన్నాయక్కా. చదవమంటావా?"

కిటికీ రెక్క ధడాలున మూసుకుంది.

మాటకి మాట అయితే అప్పజెప్పింది గానీ లోపలికి వచ్చి కూర్చుంటే కాళ్లు మిషను మీద ఆడలేదు. ఆ ఇల్లు మామగారు బతికుండగానే రెండు భాగాలు చేశాడు. వీధి వైపు పెద్దకొడుక్కి, వెనక వైపు చిన్నకొడుక్కి. వెనక భాగానికి వీధి మొహం చూపించేది ఆ సందు ఒక్కటే. అది మూసుకుపోతే బట్టలు కుట్టించుకునేవాళ్లు రారు. మిషను మూలపడుతుంది. ఒంట్లో బాగాలేకపోతే మంచం బయటికి తీసుకుపోవడానికి కూడా దారి ఉండదు.

పంపకాల దస్తావేజు బావగారి బీరువాలో ఉంది. పది రోజుల కిందట షాపు మాట మొదటిసారి ఎత్తినప్పుడు ఆయనే దాన్ని తెచ్చి, చేతికివ్వకుండా దూరం నుంచి చూపించాడు. "చదువుకున్నదానివి కదా, చదువుకో. దారితో సహా ముందు భాగం పెద్దవాడికి. నేను రాసిందా ఇది? మా నాన్న రాయించింది." చదివి, మడిచి, లోపల పెట్టేశాడు.

ఆ రెండు క్షణాల్లోనే టైలరమ్మ తారీకుతో పాటు ఇంకో రెండు సంగతులు చూసింది. 'పెద్దవాడికి' అన్న మాట తర్వాత వాక్యం ఆగలేదు, ఆయన బొటనవేలి కిందికి వెళ్లిపోయింది. ఆఖరి కాగితం పై మూల రెండు చిన్న రంధ్రాలు, వాటి చుట్టూ తుప్పు మరక. పొద్దస్తమానం గుండుసూదులతో బతికే మనిషికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడ ఏదో కాగితం చాలాకాలం గుచ్చి ఉంది. ఎవరో తీసేశారు.

అందుకే రికార్డు ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టింది. రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఇటుకలు దిగిన పూట మూడోసారి బయల్దేరింది.

రికార్డు గది మేడ మీద. కిటికీలకి అడ్డంగా బీరువాలు పెట్టేయడంతో పగలే లైట్లు వేసి ఉంటాయి. బల్ల వెనక గుమాస్తా ఆవిడ ఈమెను చూడగానే కలం మూత బిగించింది.

"మళ్లీ వచ్చావా? లేదని చెప్పానా లేదా? మీ మామగారి పేరుతో ఆ ఏడాది ఇండెక్సులో ఏ కాగితమూ లేదు."

"కాగితం ఉందండీ. నా కళ్లతో చూశాను. తారీకు కూడా చూశాను, ఆ ఏడాదే."

"ఏ తారీకు? రాసిందా, నమోదైందా?"

"రెండూ ఒకటి కాదా?"

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రాసేది ఇంట్లో కూర్చుని రాస్తారు. ఇక్కడికి ఎప్పుడు తెస్తే అప్పుడే నమోదు. మా పుస్తకాలకి మీ ఇంట్లో ఎప్పుడు రాశారో అనవసరం. మెళ్లో టేపు వేసుకుని తిరిగితే చాలదు, ఏ తారీకు కావాలో కూడా తెలుసుకుని రావాలి."

టైలరమ్మ మెడ తడుముకుంది. టేపు తీసి రావడం మర్చిపోయింది. సిగ్గుపడడానికి తీరిక లేదు. మామగారు దస్తావేజు రాయించిన వారానికే మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మంచం దిగేసరికి ఏడాది మారింది.

"అయితే దాని తర్వాతి ఏడాది చూడండి."

"చూడండి అంటే? మళ్లీ దరఖాస్తు రాయి. కొత్త ఏడాది, కొత్త దరఖాస్తు."

రాసింది. అక్షరం కొట్టివేత లేకుండా రాసింది. ఆవిడ దాన్ని తప్పు దొరుకుతుందేమోనని అటూ ఇటూ తిప్పి చూసి, దొరక్క, లేచి వెళ్లింది. ఇండెక్సు పుస్తకం తెచ్చి పేర్ల మీదుగా వేలు జార్చుకుంటూ వచ్చి ఒకచోట ఆపింది. మామగారి పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు, ఇంటి నంబరు, సంపుటం, పేజీ. అన్నీ ఒకే వరసలో.

సంపుటం బరువుకి బల్ల కిర్రుమంది. టైలరమ్మ నిలబడే చదివింది. బావగారి బొటనవేలు లేని చోట వాక్యం నిండుగా ఉంది. 'దారితో సహా ముందు భాగం పెద్దవాడికి. అయితే సదరు దారి జతపరచిన పటంలో చూపిన మేరకు ఇద్దరికీ ఉమ్మడి. ఏ ఒక్కరూ మూయరాదు.'

"పటం ఎక్కడండీ?"

"పటాలు ఈ పుస్తకంలో ఉండవు. వేరే కట్టలు. అడిగితే తీస్తాం."

"అడగకపోతే?"

"అడగకపోతే ఎందుకు తీస్తాం?"

"అడుగుతున్నాను."

ఆవిడ మొహం చిట్లించుకుంటూ నిచ్చెన ఎక్కింది. పై అరలోంచి కట్ట దించి విప్పి, పసుపుపచ్చగా మారిన కాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పరిచింది. నల్ల గీతలతో ఇల్లు, ఎర్ర సిరాతో దారి. పక్కనే రాసి ఉంది: వెడల్పు ఆరడుగులు, వీధి నుంచి వెనక భాగం గడప దాకా.

టైలరమ్మకి ఊపిరి తిరిగింది. ఆ తర్వాత, అలవాటు ఊరుకోక, మిగతా గీతలు కూడా చూసింది. రెండు భాగాల మధ్య గీత పంపు గట్టు మూల నుంచి అవతలి ప్రహరీ దాకా తిన్నగా వెళ్లింది. పంపు గట్టు ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ గట్టు మూల నుంచి తిన్నగా వెళ్తే ఏమి తగులుతుందో ఆమెకి తెలుసు. పదకొండేళ్ల కిందట భర్త కట్టించిన వంటగది. టేపుతో పటం కొలిచి, కింద రాసిన స్కేలు లెక్క ప్రకారం పెంచి, తనకి కంఠతా వచ్చిన వంటగది కొలతతో పోల్చి చూసుకుంది. మళ్లీ కొలిచింది. వంటగది గోడ గీత దాటి బావగారి భాగంలోకి రెండడుగుల పావు వెళ్లింది. పొయ్యి గట్టు, పాత్రల అరలు, రెండూ ఆయన నేల మీదే ఉన్నాయి.

"నకలు రాతకే చాలా, పటానికి కూడా కావాలా?" అంది గుమాస్తా. ఈమె మొహం చూసి గొంతు కొంచెం తగ్గించింది. "ముద్ర పటం నిండా అడ్డంగా పడుతుంది. సగం చూపించి సగం మడుస్తానంటే కుదరదు. ముందే చెప్తున్నా."

రాత ఒక్కటే తీసుకెళ్తే? పటం ఏది అంటాడు బావగారు. దారి ఎంత, ఎక్కడ అంటాడు. అర అడుగు వదిలి ఇదే దారి అంటాడు. పైగా ఈ మెట్లెక్కి పటం తీయించుకోవడానికి ఆయనకి మాత్రం కాళ్లు లేవా?

"రెండూ ఇవ్వండి."

మర్నాడు సాయంత్రం నకలు చేతికొచ్చింది. పంపుల మరమ్మతు షాపు నుంచి భర్త రాగానే చూపించింది. పని బట్టలు కూడా మార్చుకోకుండా కూర్చుని చదివాడు. దారి దగ్గర మొహం వెలిగింది. గీత దగ్గర ఆరిపోయింది.

"ఇది బయటపెట్టకు. అన్నయ్యకి ఇది చాలు, మనల్ని చెడుగుడు ఆడేస్తాడు."

"బయటపెట్టకపోతే రేపు గోడ లేస్తుంది."

"గోడ లేవనీ. వెనక తలుపు పెట్టుకుందాం. వంటగది అయినా మిగులుతుంది."

"మిగిలిన వంటగదిలో ఎవరికి వండుతాను? నువ్వూ నేనూ కాలవ గట్టు మీద వరసగా నడిచి వచ్చి తినాలా?"

అన్న ఎదురుగా నోరు తెరవడం అతనికి ఏనాడూ చేతకాలేదు. ఆ సంగతి ఆమెకి పెళ్లయిన నెలకే అర్థమైంది.

తెల్లారి తాపీమేస్త్రి వచ్చి సందులో దారం లాగుతున్నాడు. టైలరమ్మ వెళ్లి ఆ దారం మీద కాలు పెట్టింది.

"కాలు తియ్యమ్మా," అన్నాడు బావగారు.

"ఇది చదివాక తీస్తాను." నకలు అందించింది. చేతికే ఇచ్చింది.

ఆయన చదివాడు. తోటికోడలు వెనక నుంచి మెడ చాపి తనూ చదివింది. మేస్త్రి తాపీ గీక్కుంటూ నిలబడ్డాడు.

"ఎక్కడిదిది?"

"మీ దస్తావేజుకి గుచ్చి ఉన్నదే. మీ దగ్గర రంధ్రాలు మిగిలాయి, ఆఫీసులో కాగితం మిగిలింది."

"అంటే నేను చించానంటావా?"

"నేనేమీ అనలేదు బావగారూ. మీరే అన్నారు."

ఆయన మొహం గంటు పెట్టుకుని పటాన్ని వెలుగులోకి తిప్పాడు. ఎర్ర గీత చూశాడు. తర్వాత నల్ల గీత చూశాడు. వేలితో పంపు గట్టు నుంచి మెల్లిగా వెళ్లి, ఆగి, తలెత్తి వెనక వంటగది వైపు చూశాడు. గట్టిగా నవ్వాడు.

"ఒసేయ్, చూశావా? వీళ్లు మన పెరట్లో అన్నం వండుకుంటున్నారే!"

"పదకొండేళ్ల నుంచా?" తోటికోడలు బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, చెప్పి ఉంటే ఇంత కూర అయినా అడిగేవాళ్లం కదే!"

భర్త మొదటిసారి ముందుకొచ్చాడు. "కట్టేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదన్నయ్యా. కట్టుకోరా అన్నావు."

"నోటితో అన్నాను. ఎక్కడైనా రాసి ఉందా? మీ ఆవిడకి కాగితాలంటే ఇష్టం కదా, తెమ్మను ఆ కాగితం." బావగారు నకలు మడిచి తమ్ముడి జేబులో తనే పెట్టాడు. "ఒరేయ్, అన్నదమ్ములం. ఒక్క మాట చెప్తాను విను. సందు నాకు వదిలెయ్. వంటగది నీకు వదిలేస్తాను. ఇక్కడితో సరి."

భర్త భార్య వైపు చూశాడు. ఒప్పుకో అని ఆ చూపు బతిమాలింది. ఆమె అతని జేబులోంచి నకలు తీసుకుంది.

"మేస్త్రీ, ఈరోజు నీకు పని ఉందనే కదా వచ్చావు?"

"అవునమ్మా."

"గోడ కట్టడమే వచ్చా, పడగొట్టడం కూడా వచ్చా?"

"అదింకా తేలికమ్మా."

"అయితే వెనక్కి రా. నా వంటగది గోడ తీసేసి, గీతకి ఇవతల కట్టాలి. రెండడుగుల పావు. పావు మర్చిపోకు, ఈయన మర్చిపోరు."

బావగారి నవ్వు ఆగిపోయింది. "పొయ్యి గట్టు పోతుందే, తెలుసా?"

"తెలుసు. కొలిచింది నేనే."

"రెండడుగుల కోసం ఇల్లు కూలగొట్టుకుంటావా? తిక్కా నీకు?"

"తిక్కే. కానీ మీకు ఇవ్వాల్సింది మీకు ఇచ్చేశాక నా దారి గురించి మీరు ఎత్తడానికి ఇంకేం మిగలదు. ఒక్క షరతు. మేస్త్రి సమ్మెట ఎత్తేముందు మీరు నాతో ఆఫీసుకి రావాలి. వంటగది జాగా మీది, దారి ఉమ్మడి, ఆరడుగులు. రెండూ ఒకే కాగితంలో, పటంతో సహా. మీ అన్నదమ్ములిద్దరూ సంతకాలు పెట్టాలి, అది ఈరోజే నమోదు కావాలి. నోటిమాట నాకు అక్కర్లేదు. మీరే చెప్పారుగా, ఎక్కడైనా రాసి ఉందా అని."

"రానంటే?"

"రాకపోతే ఈ నకలు పట్టుకుని కోర్టుకి వెళ్తాను. షాపు ఆగుతుంది, మీకు ఆ రెండడుగుల పావూ ఇప్పట్లో రాదు. అల్లుడుగారికి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం."

అల్లుడి మాట దగ్గర తోటికోడలు మొగుడి మోచెయ్యి పట్టుకుంది. "వెళ్లి పెట్టెయ్యండి సంతకం. ఆ రెండడుగులు కలిస్తే మన వెనక గదే షాపు సామాన్లకి సరిపోతుంది. ముందు గదిలో షాపు పెడతాడు. దీనితో రోజూ ఎవరు పడతారు?"

అన్నదమ్ములిద్దరూ, టైలరమ్మా ఆఫీసుకి వెళ్లారు. దస్తావేజుల లేఖరి కాగితం రాస్తుంటే ఆమె పక్కనే నిలబడి, 'సుమారు ఆరడుగులు' అని రాయబోతే 'సుమారు' కొట్టేయించింది. బావగారు సంతకం పెట్టేటప్పుడు కలం నొక్కిన నొక్కుకి కింది కాగితం మీద కూడా అచ్చు పడింది. నమోదు గుమాస్తా నంబరు వేసి, పటం అంచు మీద ముద్ర కొట్టి, రసీదు ఎవరికివ్వాలని అడిగాడు. ఇద్దరు అన్నదమ్ములూ చెయ్యి చాపలేదు. ఆమె తీసుకుంది.

సాయంత్రానికి వంటగది గోడ నేలమట్టమైంది. పాత్రలన్నీ కుట్టు గదిలో, బట్టల తానుల మధ్య పోగుపడ్డాయి. భర్త స్టవ్ మోసుకొచ్చి మిషను పక్కన పెట్టాడు. ఆమెకి పొయ్యి గట్టు రాయి కళ్ల ముందు మెదిలింది. తనే ఏరికోరి తెప్పించుకున్న నల్లరాయి, మధ్యలో విరిగింది. తిరగబడ్డ గిన్నెలు ఒక్కొక్కటే సర్దడం మొదలుపెట్టింది.

తలుపు చప్పుడైంది. గౌను కుట్టించుకునే ఆవిడ. సందులోంచి పక్కకి తిరిగి దూరి వచ్చినట్టుంది, భుజం నిండా ఇటుక పొడి.

"ఏంటమ్మా ఇది, దారి మూసేశారా?"

"లేదండీ. కూర్చోండి, ఇప్పుడే వస్తాను."

టైలరమ్మ సందులోకి వెళ్లింది. బావగారు తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇటుకల కుప్ప అలాగే ఉంది.

"ఇవి ఎప్పుడు తీయిస్తారు బావగారూ?"

"తీయిస్తాను. తొందరేముంది? గోడ కట్టకూడదని రాశావు గానీ ఇటుకలు పెట్టకూడదని రాయలేదుగా."

ఆమె కొంగు నడుముకి దోపుకుని, పై వరస ఇటుకలు రెండు తీసి, ఆయన కుర్చీ పక్కన, ఆయన గుమ్మంలో, మెట్టు మీద పెట్టింది. తిరిగి వెళ్లి మరో రెండు తెచ్చింది.

"ఏయ్, ఏంటది? నా గుమ్మంలో పెడతావేంటి?"

"ఇటుకలు మీవే కదా."

ఆయన లేచి అరవడం మొదలుపెట్టాడు. లోపలి నుంచి తోటికోడలు గొంతు కలిపింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఆమె తలెత్తలేదు. రెండేసి ఇటుకల చొప్పున మోస్తూనే ఉంది. కాసేపటికి వెనక నుంచి అడుగుల చప్పుడు వినపడి తిరిగి చూసింది. భర్త. అన్న మొహం వైపు చూడకుండా, ఒకేసారి ఆరు ఇటుకలు గుండెకి ఆనించి మోసుకొస్తున్నాడు.