బ్రేకు పడని కల

మా వదిన సిటీ బస్సు డ్రైవరు. ఒక వానాకాలం ఉదయం, ఆసుపత్రి దాటాక వచ్చే పల్లంలో ఆమె బస్సుకి బ్రేకులు పడలేదు. గేరు తగ్గించింది, హ్యాండ్ బ్రేకు లాగింది, చివరికి రోడ్డు పక్కనున్న ఇసుక గుట్టలోకి బస్సుని ఎక్కించేసింది. లోపలున్నవాళ్లు చిన్న చిన్న గాయాలతో బయటపడ్డారు. అందరూ ఆమెను ఆకాశానికెత్తారు.

కానీ బస్సు పక్కకి తిరిగే క్షణంలో, పెద్ద అట్టపెట్టె మోసుకుంటూ ఒకాయన అడ్డం వచ్చాడు. ఆయనకు తగిలిందో లేదో వదిన చూడలేదు. రోడ్డు మీద ఎవరికీ ఏమీ కాలేదని పోలీసులు చెప్పినా ఆమె మనసు నమ్మలేదు.

అప్పటినుంచి కళ్లు మూస్తే అదే కల. బ్రేకు తొక్కితే కాలు బురదలో దిగినట్టు దిగిపోయేది. ఎదురుగా పెట్టె మనిషి. కేక పెట్టి లేచేది. నిద్రమాత్రలు వేసుకుంటే పొద్దున స్టీరింగు పట్టుకునే స్థితి ఉండేది కాదు. చివరికి ఆమెను పాసులిచ్చే కౌంటరులో కూర్చోబెట్టారు.

అక్కడికి పాసు కోసం ఒక బౌద్ధ భిక్షుణి వచ్చేవారు. ఒకరోజు ఆవిడ వదిన పీక్కుపోయిన మొహం చూసి, ఏమైందని అడిగారు. వదిన ఉన్నదంతా చెప్పేసింది.

"మా సంప్రదాయంలో దీనికో సాధన ఉందమ్మా. కల కంటుండగానే అది కల అని తెలుసుకోవడం," అన్నారావిడ.

"నిద్రలో ఎలా తెలుస్తుందండీ?"

"ముందు పగలు తెలియాలి కదా! పగలంతా పరధ్యానంలో తిరిగితే కలలో ఎరుక ఎక్కణ్ణించి వస్తుంది? పాసు ఇచ్చినప్పుడల్లా ఒక్క శ్వాస గమనించు. ఇది కలా అని నిజంగానే అడుగు. ఎదురుగా ఉన్న బోర్డు చదివి, చూపు తిప్పి, మళ్లీ చదువు. కలలో అయితే అక్షరాలు నిలకడగా ఉండవు."

"అలా చేస్తే ఆ కల పోతుందా?"

"పోగొట్టడానికి కాదమ్మా. బుద్ధుడంటేనే మేలుకున్నవాడు. నువ్వూ మేలుకుని నీ భయాన్ని చూడు."

వదిన పట్టు పట్టింది. ఇంట్లోనూ అదే ధ్యాస. పులుసు పోస్తూ గిన్నె వంచి అలాగే నిలబడిపోయి, "ఇది కలా?" అని గొణిగేది.

"కల కాదు తల్లీ, నా కంచంలో పులుసు పొర్లిపోతోంది," అనేది మా అమ్మ.

మొదటిసారి కలలో ఎరుక వచ్చినప్పుడు సంతోషం పట్టలేక లేచి కూర్చుంది. "సంతోషం కూడా కుదుపేనమ్మా. శ్వాస మీదికి రా," అన్నారు భిక్షుణి.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం కునుకు పట్టింది. మళ్లీ పల్లం, మళ్లీ బస్సు. ఆసుపత్రి బోర్డు చదివింది. రెండోసారి చూసేసరికి అక్షరాలు చీమల్లా చెదిరిపోయాయి. 'ఇది కల' అనుకుంది. గుండె దడదడలాడుతున్నా బ్రేకు తొక్కలేదు, కేక పెట్టలేదు, శ్వాస చూసుకుంటూ కూర్చుంది. బస్సు నీళ్లలో పడవలా మెల్లగా ఆగింది. దిగి, పెట్టె మనిషి దగ్గరికి నడిచింది. "మీకు తగిలిందా?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపే మెలకువ వచ్చింది, ఈసారి కేక లేకుండానే.

సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లానికి వెళ్లింది. అన్నాళ్లూ ఆ వీధి పేరెత్తితేనే వణికిన మనిషి, పెట్టె మనిషి గురించి అడుగుతూ అక్కడి దుకాణాలన్నీ ఎక్కి దిగింది. ఫ్రిజ్‌లు అమ్మే దుకాణంలో సామాను మోసే ఆయన ఆమె మాట పూర్తికాకముందే నవ్వాడు.

"నేనేనమ్మా! ఒక్క గెంతు గెంతి కాలవలో పడ్డాను. దెబ్బేం తగల్లేదు. మా వాళ్లు ఇప్పటికీ నన్ను కప్ప అని పిలుస్తారు. అవునూ, ఆ డ్రైవరమ్మ బతికే ఉందా? పాపం, తలుచుకున్నప్పుడల్లా భయమేస్తుంది నాకు."

"నేనేనండీ," అని వదిన అక్కడే మెట్టు మీద కూలబడి, నవ్వుతూ ఏడ్చింది.

తర్వాత కొద్ది రోజులకే మళ్లీ స్టీరింగు పట్టింది. భిక్షుణి బస్సెక్కినప్పుడు సంగతంతా చెప్పింది.

"పీడకలలో మేలుకోవడం తేలికేనమ్మా. మంచి కల వచ్చినప్పుడు మేలుకో చూద్దాం," అన్నారావిడ.

"కొన్నాళ్లు నన్ను హాయిగా నిద్రపోనివ్వండి అమ్మగారూ!" అంది వదిన.