మా బదులు కూల్చేవాళ్ళు

ఆ రోజు పొద్దున్నే సంచీ సర్దుకున్నాను. మందపాటి లోచొక్కాలు, ఉన్ని మేజోళ్ళు, పళ్ళపొడి, దువ్వెన. ఇళ్ళు కూల్చేవాళ్ళను అడ్డుకున్నందుకు పట్టుకుపోతే, జైలుకు వెళ్ళాల్సింది నేనే. మా కొండమీది ఆడవాళ్ళంతా కూర్చుని అలాగే తేల్చుకున్నాం. పసిపిల్లల తల్లులు, ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు వెనక, ముసలివాళ్ళం ముందు.

నా కూతురు హ్యాంగ్సుక్ తలుపు దగ్గర నిలబడి నవ్వింది. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే పిల్ల.

"పెళ్ళికి పోతున్నట్టు దువ్వెన కూడానా అమ్మా? ఉన్న ఒక్క జత ఉన్ని మేజోళ్ళూ నువ్వే పెట్టేసుకున్నావు."

"నోరు మూసుకుని స్వెట్టరు వేసుకో."

కింది వరుస ఇళ్ళను అంతకుముందు వారమే కూల్చేశారు. డాల్సూ వాళ్ళమ్మ పొయ్యి మీద అన్నం ఉండగానే ఇంటి కప్పు లాగేశారు. అప్పటినుంచి ఆవిడ మాతోనే ఉంటోంది. తర్వాత మా తలుపులకూ నోటీసులు అంటించారు. బడి మొహం చూడకుండా కూతురి దగ్గరే అక్షరాలు నేర్చుకున్న నేను, వేలు పెట్టుకుని ఒక్కో మాటా అందరికీ చదివి వినిపించాను. అక్రమ కట్టడం. ప్రజా ప్రయోజనం. మీరు కూల్చుకోకపోతే మీ బదులు ప్రభుత్వమే కూలుస్తుంది, కూలి ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తుంది.

"ప్రజలంటే ఎవరే? మనం కాదా?" అంది డాల్సూ వాళ్ళమ్మ.

"ఇక్కడ జరగబోయే ఒలింపిక్స్ చూడ్డానికి విమానాల్లో దిగేవాళ్ళు కాబోలు," అంది హ్యాంగ్సుక్.

చలికాలానికి క్యాబేజీతో కిమ్చి పచ్చడి పెట్టుకునే రోజు చూసి మరీ వచ్చారు వార్డు ఆఫీసు వాళ్ళు. ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండవనుకున్నారు. నిజమే, ఉప్పులో నానిన క్యాబేజీ మర్నాటిదాకా ఆగదు. ఆ రోజే వస్తారని ముందే కనుక్కున్నాం, అందుకే గంగాళాలన్నీ కొండ ఎక్కే ఒకే ఒక్క దారిలోకి తెచ్చుకుని కూర్చున్నాం. దారి పొడుగునా క్యాబేజీ, ముల్లంగి, వెల్లుల్లి, ఉప్పులో ఊరిన రొయ్యలు. మోచేతులదాకా కారం.

కూలికి తెచ్చిన మనుషులు గునపాలు పట్టుకుని వచ్చి ఆగిపోయారు.

"నడవండ్రా!" అని అరిచాడు అధికారి.

మెడ బలిసినవాడొకడు గొణిగాడు. "తిండి మీద కాలెట్టమంటారా సార్? మా అమ్మ కూడా ఇవాళే పెడుతోంది."

అధికారి కాగితం తీశాడు. "మీ బదులు ప్రభుత్వమే ఈ పని..."

హ్యాంగ్సుక్ లేచింది. "మా బదులు కూలుస్తారా? అయితే మా బదులు ఈ కిమ్చీ కూడా పెట్టండి! రండి సార్, చొక్కా చేతులు పైకి మడవండి!"

దారంతా ఘొల్లుమంది. "మా బదులు పచ్చడి జాడీలు మట్టిలో పూడ్చండి!" "మా బదులు మంచులో పడుకోండి!" గునపాలు పట్టుకున్నవాళ్ళూ నవ్వారు. అధికారి మొహం మా చేతుల కంటే ఎర్రబడింది. వెంట తెచ్చుకున్న పోలీసులకు సైగ చేశాడు.

"ప్రభుత్వ విధులకు ఆటంకం! నాయకురాలెవరు?"

నేను సంచీతో ముందుకెళ్ళాను. "నేనే."

ఇన్‌స్పెక్టరు నా తల నెరుపు చూశాడు. "ఇంటికి పో అవ్వా." నన్ను దాటిపోయి హ్యాంగ్సుక్ రెక్క పట్టుకున్నాడు. నేను వాడి చొక్కా పట్టుకుని వేలాడాను. విదిలించుకున్నాడు.

వ్యాను మెట్టు మీద నుంచి నా కూతురు చెయ్యి చాపింది. "ఆ సంచీ ఇటియ్యమ్మా. మేజోళ్ళు దక్కాయిగా!"

ఇచ్చాను.

తర్వాత ఎవరూ చేతులు కడుక్కోలేదు. ముసలీ ముతకా, బాలింతలూ, అందరం కొండ దిగి పోలీస్‌స్టేషన్‌కు నడిచాం. దారిలో చేపలమ్మేవాళ్ళు కలిశారు. ఏమైందని అడుగుతూనే ఫ్యాక్టరీ పిల్లలు కలిశారు. మమ్మల్ని చూసి స్టేషన్‌వాళ్ళు తలుపులు మూసేశారు. అద్దాల మీద అరచేతులు ఆనించాం.

"ఆటంకపరిచిన చేతులివి! మా పేర్లూ రాసుకోండి!"

లోపలున్నవాళ్ళకు ఎటు చూసినా ఎర్రటి అరచేతులే. ఎంతమందికని రాస్తారు? సందు దీపాలు వెలిగేదాకా అక్కడే నిలబడ్డాం. తర్వాత వెళ్ళి, కన్నీళ్ళు కారంలో పడుతున్నా మిగిలిన క్యాబేజీ పెట్టి జాడీలు పూడ్చాం. ఆ చలికాలం ఒక్క గునపమూ కొండెక్కలేదు.

వసంతంలో అవతలి కొండ ఆడవాళ్ళు వచ్చారు, వాళ్ళ తలుపులకూ నోటీసులు పడ్డాయని. జాడీ తవ్వి అన్నం పెట్టాను. వాళ్ళ నోటీసు చదివి వినిపించాను. ఎప్పుడు వస్తారో కనుక్కోండి, మేమూ వస్తామన్నాం. వెళ్ళాం.

నా బదులు జైలుకు వెళ్ళిన మనిషి మాత్రం మాతో లేదు. హ్యాంగ్సుక్‌ను 1985 నవంబరులో తీసుకెళ్ళారు. 1986 ఫిబ్రవరిలో జైల్లో చనిపోయింది.