బండమీద ఒక్కరికే చోటు

“కెమెరా బ్యాగ్ ఇటియ్యి. పులిహోర డబ్బా నీ ఒళ్లో పెట్టుకో,” అన్నాడు దేవకుమార్, అద్దె వ్యాన్ తలుపు పట్టుకుని.

సువార్త బ్యాగ్ ఇచ్చేసింది. ఇవ్వక ఏం చేస్తుంది? వెనక సీట్లలో పాస్టర్ ఇమ్మాన్యుయేల్ గారు, ఆయన భార్య వసంతకుమారి గారు, చర్చికి వచ్చే మరో రెండు కుటుంబాలవాళ్లు అప్పటికే సర్దుకుని కూర్చున్నారు. అందరి కళ్లూ ఆ నల్లబ్యాగ్ మీదే ఉన్నాయి. దేవకుమార్ దాన్ని భుజానికి తగిలించుకున్న తీరు చూస్తే, పుట్టినప్పటి నుంచీ అది అక్కడే వేలాడుతోందేమో అనిపిస్తుంది. నిజానికి దాని జిప్పు ఏ వైపు నుంచి తెరుచుకుంటుందో కూడా అతనికి తెలియదు. నిన్న ఆమె ప్రయాణానికి చికెన్ వేపుడు చేస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, “దీని ఆన్ బటన్ ఎక్కడే?” అని అడిగాడు. గరిట పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి చూపించింది. ఆ తర్వాత వేపుడు మాడిందని విసుక్కున్నదీ అతనే.

టెక్సస్‌లో, ఇర్వింగ్‌లోని వాళ్ల తెలుగు చర్చి ఏటా కొత్త సంవత్సరానికి గోడ క్యాలెండర్ వేస్తుంది. నెలకో వాగ్దాన వాక్యం, దాని వెనక ఒక ఫొటో. పూర్వం ఇంటర్నెట్‌లో దొరికిన గులాబీలూ జలపాతాలూ వేసేవారు. మూడేళ్ల నుంచి మాత్రం అమెరికా పార్కుల్లోని రాళ్లు వేస్తున్నారు. యూటాలోని ఎర్రటి రాతి తోరణాలు, అరిజోనాలో చీర కుచ్చిళ్లలా మడతలు పడ్డ కొండగోడలు, సౌత్ డకోటాలో చారలు చారలుగా నిలబడ్డ మట్టిదిబ్బలు. బైబిల్లో బండ ప్రస్తావన ఉన్న వాక్యాలకేం కొదవ, చక్కగా అమరిపోయాయి. హెర్న్‌డన్, ప్లెయిన్స్‌బరో లాంటి దూరపు ఊళ్ల తెలుగు చర్చిలవాళ్లు కూడా అడిగి తెప్పించుకుంటున్నారు. ఆఖరి పేజీ అడుగున ‘ఛాయాచిత్రాలు: బ్రదర్ దేవకుమార్’ అని ఉంటుంది. ఆ ముప్ఫై ఆరు ఫొటోల్లో అతను తీసింది ఒక్కటి కూడా లేదు.

కెమెరా కొన్నది మాత్రం అతనే. కూతురు అబిగేల్ పుట్టిన ఏడు థ్యాంక్స్‌గివింగ్ సేల్‌లో కొని, పాప రెండో పుట్టినరోజుకల్లా మోజు తీరి క్లాజెట్‌లో పడేశాడు. సువార్త పెళ్లికి ముందు తణుకులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేది. కటకాలు, నాభ్యంతరం, ప్రతిబింబం, ఇవన్నీ బోర్డు మీద సుద్దముక్కతో గీసి గీసి చేతికి పట్టుబడ్డ సంగతులు. ఇక్కడికొచ్చాక, భర్త ఉద్యోగాన్ని బట్టి భార్యకిచ్చే హెచ్ ఫోర్ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదన్నారు. పాప స్కూలుకు వెళ్లాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునేది. ఒకరోజు దుమ్ము దులుపుదామని ఆ కెమెరా తీసింది, లోపల ఉన్నది తన పాత పాఠమేనని గుర్తుపట్టింది. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని నేర్చుకుంది. సెలవుల్లో ఏ పార్కుకు వెళ్లినా తెల్లారకముందే మోటెల్ గదిలోంచి పిల్లిలా బయటపడి, సూర్యుడు రాతిమీద పడేవేళకు అక్కడుండేది. వీళ్లు లేచేసరికి తిరిగొచ్చి కుక్కర్లో ఉప్మా పెట్టేసేది. “రాళ్లకి ఫొటోలేంటే? మనుషులుంటే కదా అందం!” అనేవాడు దేవకుమార్. “ఈ పిచ్చితో పిల్లకి వేళకి ఇంత అన్నం పెడుతోందా లేదా?” అని స్కైప్‌లో అడిగేది అత్తగారు. క్యాలెండర్ కాకినాడ చేరాక అదే అత్తగారు, “మావాడికి చిన్నప్పట్నుంచీ కళాదృష్టి” అని వీధంతా చెప్పుకుని వచ్చింది.

మొదటి క్యాలెండర్ సంగతి సువార్తకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్న రోజు పాస్టర్ గారు లాప్‌టాప్ తెరమీద ఆ ఫొటోలు చూసి, “ఎవరు తీశారు బ్రదర్? దేవుడు ఆ కళ్లకి ఎంత వరమిచ్చాడు!” అన్నారు. సువార్త వంటింట్లో టీ వడకడుతోంది. “ఏదో హాబీ లెండి పాస్టర్ గారూ,” అన్న దేవకుమార్ గొంతు వినిపించింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక అడిగింది. అతను చాలా శాంతంగా, పాపకు లెక్క నేర్పుతున్నట్టు చెప్పాడు. “నువ్వు హెచ్ ఫోర్ మీదున్నావ్. క్యాలెండర్ చర్చి ఫండ్ కోసం అమ్ముతారు. నీ పేరు ప్రింట్‌లో పడిందనుకో, వర్క్ చేసినట్టే లెక్క. గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోంది. ఎవడైనా కంప్లైంట్ చేస్తే ముగ్గురం పెట్టె సర్దుకోవాలి. పేరు అంత ముఖ్యమా నీకు?”

ముఖ్యం కాదంది. అంతే కాదు, ఇంత ముందుచూపున్న మనిషి దొరికినందుకు ఆ పూట దేవుడికి స్తోత్రం కూడా చెప్పుకుంది, పిచ్చిది. అప్పటి నుంచీ భయం ఇంట్లో నాలుగో మనిషిలా మకాం వేసింది. మెయిల్ బాక్స్‌లో పొడవాటి కవరు కనిపిస్తే గుండె దడ. చర్చిలో ఎవరైనా ఫొటోల గురించి ఎత్తితే గ్లాసులు కడిగే నెపంతో లేచిపోవడం. ఒకసారి అబిగేల్ స్కూల్లో “మై మామ్ ఈజ్ ఎ ఫొటోగ్రాఫర్” అని చెప్పిందని తెలిసి, తొమ్మిదేళ్ల పిల్లను కూర్చోబెట్టి ఇంకెప్పుడూ ఆ మాట అనకూడదని ఒట్టు వేయించుకుంది. పిల్ల ఎందుకని అడిగితే హోంవర్క్ తియ్యమంది.

ఈ ఏడాది కొత్త ముప్పు వచ్చిపడింది. పొగడ్త తలకెక్కినవాడు ఊరుకుంటాడా? ఆదివారం ఆరాధన అయ్యాక, బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకుని, “ఈసారి కవర్ ఫొటో మీ అందరి ఎదురుగా తీస్తాను, థ్యాంక్స్‌గివింగ్‌కి యూటా పోదాం రండి” అనేశాడు దేవకుమార్. పాస్టర్ గారు అక్కడికక్కడే వ్యాన్ మాట్లాడేశారు. ఇంటికొచ్చాక తల పట్టుకున్నాడు. “నువ్వు నా పక్కనే ఉండి మెల్లగా చెప్తుండు, బటన్లు నేను తిప్పుతా,” అన్నాడు. దారి పొడుగునా సువార్తకు అదే బెంగ. మెల్లగా చెప్పింది ఎవరైనా వింటే? అతను తప్పు తిప్పితే? ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే అతను ఏం చెబుతాడు, తను ఎటు చూడాలి? అతని పరువు తన గొంతులో ఇరుక్కున్నట్టు, గుటక కూడా జాగ్రత్తగా మింగింది.

యూటాలోని మోయబ్ ఊళ్లో దిగిన రోజు మధ్యాహ్నం ఆర్చెస్ పార్కులో పిక్నిక్ బల్లల దగ్గర భోజనాలు. మగవాళ్లు ఎర్ర రాళ్ల ముందు నిలబడి ఫోన్లతో ఫొటోలు తీసుకుంటున్నారు. సువార్త వడ్డిస్తోంటే వసంతకుమారి గారొక్కరే లేచి వచ్చి పేపర్ ప్లేట్లు అందించసాగారు. ఆవిడ వారమంతా ఇర్వింగ్‌లోనే లాస్ కొలీనాస్‌లో, వీసా వ్యవహారాలు చూసే ఒక ఇమిగ్రేషన్ అటార్నీ ఆఫీసులో పనిచేస్తారు, ఆదివారం పాస్టరమ్మ. ఇన్నేళ్లుగా అడగాలనుకుని అడగలేకపోయిన మాట సువార్త నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది.

“అమ్మగారూ, చిన్న డౌటండీ. హెచ్ ఫోర్ మీదున్నవాళ్లెవరైనా చర్చికి ఊరికే ఏదన్నా చేసిపెట్టారనుకోండి. వాళ్ల పేరు ప్రింట్‌లో వేస్తే ప్రాబ్లమ్ అవుతుందాండీ?”

వసంతకుమారి గారు నవ్వారు. “ఇంటిల్లిపాదికీ ఒకటే డౌటా మీకు! మొదటి క్యాలెండర్ వేసేటప్పుడే దేవకుమార్ బ్రదర్ నాకు ఫోన్ చేసి అడిగాడమ్మా. మా అటార్నీని కూడా కనుక్కుని చెప్పాను. డబ్బు తీసుకోకుండా చర్చికి ఇచ్చిందానికి పేరు వేసుకుంటే ఏ భయం లేదని. నీకు చెప్పలేదా?”

“ఎవరి కోసం అడిగారు?”

“ఎవరో ఫ్రెండ్ వైఫ్‌కి అన్నాడు.” అని, ప్లేటు అందిస్తున్న చెయ్యి మధ్యలోనే ఆపి సువార్త ముఖంలోకి చూశారు. ఇంకేదో అడగబోయేలోగా దేవకుమార్ “పెరుగన్నం ఉందా ఇంకా?” అని కేకేశాడు. సువార్త వెళ్లి వడ్డించింది. మాగాయ ముక్క కూడా వేసింది. చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. లోపల మాత్రం ఒళ్లు మండిపోతోంది. భయపడిన అన్ని రోజులూ దండగ. స్తోత్రం చెప్పుకున్న పూట దండగ. పిల్ల చేత వేయించుకున్న ఒట్టు గుర్తొచ్చి ఏడుపొచ్చింది, ఉల్లిపాయ తరుగుతున్నట్టు తల వంచుకుంది. అతనికి తెలుసు. తెలిసే మూడేళ్లు ఆ భయాన్ని ఆమెకు రోజూ పాలు పోసినట్టు పోశాడు.

సాయంత్రం మోటెల్లో, పొగ అలారం మోగుతుందని బాత్‌రూమ్‌లో కుక్కర్ పెట్టి అన్నం వండుతూ రకరకాలుగా ఆలోచించింది. అడిగితే ఏమవుతుంది? “నీ మంచికే” అంటాడు. పాస్టర్ గారి ముందు పరువు తీశావని నెల రోజులు మాట్లాడడు. అత్తగారు ఫోన్ పట్టుకుని ఏడుస్తుంది. చర్చిలో ఆడవాళ్లు, మొగుణ్ణి నలుగురిలో తక్కువ చేసిందని చెవులు కొరుక్కుంటారు. పైగా ఆమె వీసా అతని ఉద్యోగానికి తోకలా కట్టి ఉంది, ఆ భయం అబద్ధం కాదు. పోనీ అడగకపోతే? వచ్చే సోమవారం క్యాలెండర్ ప్రెస్సుకు పోతుంది. నాలుగో ఏడూ ఆ ఆఖరి పేజీ అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఐదోది. అన్నం ఉడికేసరికి లేచి ప్లేట్లు సర్దింది.

మర్నాడు చీకటితోనే అందరూ నార్త్ విండో అనే పెద్ద రాతి కన్నం వెనక వైపుకు నడిచారు. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆ కన్నంలోంచి చూస్తే అవతల టరెట్ ఆర్చ్ అనే రాతి తోరణం కనబడుతుంది, తొలి వెలుగు సోకగానే ఎర్రబడుతుంది. రెండూ ఒకే చట్రంలో కుదరాలంటే ఇవతలున్న ఏటవాలు బండ ఎక్కాలి. ఎక్కాక పైన అరుగులాంటి చోటు ఉంది, కెమెరా స్టాండూ ఒక మనిషీ పట్టేంత. దేవకుమార్ తలెత్తి చూశాడు. చలిలో కూడా నుదురు తుడుచుకున్నాడు. పక్కన నిలబడి మెల్లగా చెప్పడానికి అక్కడ రెండో మనిషికి చోటు లేదు.

సువార్త మోచెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాడు. “నువ్వు ముందెక్కి అన్నీ సెట్ చేసి దిగిపో. తర్వాత నేనెక్కి నొక్కుతా, అంతే.” వెంటనే అందరి వైపూ తిరిగి గట్టిగా, “మా మిసెస్ స్టాండ్ పెట్టేసి వస్తుందండీ, ఆవిడ కాళ్లు తేలిక!” అన్నాడు. అందరూ నవ్వారు. వసంతకుమారి గారు నవ్వలేదు.

సువార్త చున్నీ నడుముకు బిగించి ఎక్కింది. బండ చల్లగా, గరుకుగా ఉంది. సగం దారిలో కాలు జారి మోకాలు చెక్కుకుపోయింది, కింద ఎవరో “జాగ్రత్త సిస్టర్” అన్నారు. పైకి చేరి స్టాండ్ కాళ్లు ఒక్కొక్కటే సందుల్లో బిగించింది. కన్నంలో తోరణాన్ని సరిగ్గా నిలబెట్టింది. దగ్గరి రాయీ దూరపు రాయీ రెండూ స్పష్టంగా వచ్చేట్టు తిప్పింది. గాలికి కదలకుండా బ్యాగ్‌ను స్టాండ్‌కు వేలాడదీసింది. ఇక నొక్కడమే మిగిలింది. కన్నంలోంచి అవతలి తోరణం ఇంకా బూడిదరంగులోనే ఉంది. ఇక్కడ ఆమె ఎప్పుడూ ఒంటరిగానే ఉంటుంది, ఆ కాసేపూ ఎవరికీ భార్య కాదు, కోడలు కాదు, ఎవరి వీసాకీ తోక కాదు. ఇప్పుడు దిగితే ఆ కాసేపు కూడా తనది కాదు. దిగి, అతనికి దారిచ్చి, పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలి. దిగడానికి ఒక పాదం కిందికి జరిపింది కూడా. అలవాటు అలాంటిది. మరుక్షణం ఆ పాదం వెనక్కి తీసుకుంది.

“సువార్తా, అయిందా? దిగు, దిగు! లైట్ వచ్చేస్తోంది!” కింద నుంచి దేవకుమార్ తొందర.

తోరణం కొసన సన్నటి ఎరుపు అంటుకుంది. కింద పాస్టర్ గారు, అమ్మగారు, పిల్లలు, ఫోన్లు పైకెత్తిన చేతులు, మధ్యలో మెడ వెనక్కి వాల్చి అబిగేల్. సువార్త కెమెరాకు కన్ను ఆనించి మొదటి ఫొటో తీసింది. రెండోది తీసింది. రాతిగోడల మధ్య ఆమె మాట కిందనున్న ప్రతి ఒక్కరికీ వినబడింది.

“కంగారు పెట్టకండి. క్యాలెండర్‌కి ఫొటోలు తీస్తున్నప్పుడు ఈ మూడేళ్లలో మీరు ఒక్కరోజు కూడా మేలుకుని లేరు, అందుకే మీకు తెలీదు. నాకు ఇంతసేపు పడుతుంది.”