తిరింగో పెట్టే ముద్ద

ఇందులో ఒక్క మాట అబద్ధమైతే రేపటి నుంచి నేను పోసే ఇంజెరా అట్లన్నీ పెనానికి అంటుకుపోవాలి. నిజం కొలతకు మించి ఉంటే ఉండొచ్చు గానీ, తక్కువ మాత్రం ఉండదు.

మా పేటలో జెనెబెచ్ అనే ఇల్లాలికి పొద్దున్నే మూడు పనులు. పులిసిన పిండిని పెనం మీద గుండ్రంగా పోయడం, కాఫీ గింజలు వేయించడం, రెండేళ్ల కూతురు తిరింగో చేత నోరు తెరిపించడం. మొదటి రెండూ సూర్యుడు ఈ కొండ ఎక్కేలోగా అయిపోయేవి. మూడోది సూర్యుడు ఆ కొండ దిగినా అయ్యేది కాదు.

ఆ పిల్ల పెదాలు బిగించిందంటే ఇద్దరు కమ్మర్లు గునపాలతో వచ్చినా సందు దొరకదు. శనగపిండి షిరో పులుసు పెడితే మూడో ఇంటి దాకా ఉమ్మేది. ఆ ఇంటి కుక్క బలిసి బలిసి గుమ్మంలో పట్టక పెరట్లోనే కాపురం పెట్టింది. గంజి చూస్తే ఏడుపు, గుడ్డు చూస్తే పరుగు. అరటిపండుతో మాత్రం కాసేపు కబుర్లాడేది, తినేది కాదు.

నెలకోసారి ఆరోగ్య కేంద్రం అమ్మాయి వచ్చి పిల్లల్ని దూలానికి కట్టిన తూనికలో వేలాడదీసేది. తిరింగోని వేలాడదీస్తే ముల్లు కదల్లేదు. పక్కన ఈగ వాలితే కదిలింది.

"అక్కా, ఉపవాసాలు ముగిసే పాస్క పండగ లోపు ముల్లు ఈ ఎర్రగీత దాటకపోతే పట్నం ఆసుపత్రిలో చేర్చాలి. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తారు" అందామె.

గొట్టం మాట విన్నాక జెనెబెచ్‌కి కూడా ముద్ద దిగలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, కాఫీ రెండోసారి వంపుతుండగా, తిరింగో ఇంజెరా ముక్క తుంపి, పులుసులో అద్ది, చిన్న ముద్ద చేసి తల్లి నోట్లో కుక్కింది. జెనెబెచ్ నమిలి మింగింది. త్రేన్పు మాత్రం పిల్లకొచ్చింది. ఇంకో రెండు ముద్దలు పెట్టింది. పిల్ల పొట్ట బూరెలా పొంగింది, తల్లి కడుపు ఖాళీగా కాలుతూనే ఉంది.

అత్తగారు చూసి, "ఓసి నీ ఇల్లు బంగారం గానూ, మా చిన్నత్త పోలిక! ఆవిడ దగ్గితే మా మావయ్యకి కఫం తెగేది" అని కప్పు మళ్లీ ముందుకు చాపింది.

"మరి నా ఆకలి సంగతేంటి అత్తమ్మా?"

"నువ్వు వేరే కంచంలో తిను. దానికి జాతకం చూపించాలా?"

పెద్ద ఉపవాసాల రోజులవి. యాభై అయిదు రోజులు గుడ్డు, పాలు, మాంసం ముట్టకూడదు. పసివాళ్లకు మాత్రం నియమం లేదు. మర్నాటికల్లా పేటలోని ఆడవాళ్లు తలో గుడ్డూ పట్టుకుని గుమ్మం ముందు బారు తీరారు. బారు చివర ఎక్కడుందో చూడ్డానికి గాడిద మీద వెళ్లాల్సి వచ్చింది.

"పిల్ల కోసమేనమ్మా! కడుపు దానిది, నోరు ఊరికే అరువు" అన్నారు.

అటుగా వెళ్తున్న చర్చి పూజారి ఆగాడు. "అరువిచ్చిన నోటికి అంత చొంగేమిటే?" అన్నాడు. బారు చెదిరిపోయింది.

చెదరకపోయినా లాభం లేకపోయేది. తిండికి పేచీ పెట్టిన పిల్ల ఇప్పుడు నోళ్లకి పేచీ పెట్టసాగింది. నాలుగు రోజులకి తల్లి నోరు మొహం మొత్తింది. నాయనమ్మకి మూడే పళ్లు, మింగేసరికి పొద్దుగూకుతుంది. తండ్రికి గడ్డం గుచ్చుకుంటుంది. చివరికి తిరింగో ముద్ద పట్టుకుని జెముడు కంచె దగ్గరికి పోయి, సందులోంచి చెయ్యి చాపి నిలబడింది.

కంచె అవతల ఉండేది తఫెస్సె. పెద్దవాడు గనక అందరూ గాషె అనేవారు. భార్య పోయి పదేళ్లు. తొమ్మిదేళ్లుగా ఈ ఇంటితో మాటల్లేవు. జెనెబెచ్ పెళ్లినాడు పెళ్లికూతురి చేతి ముద్ద కోసం పెద్దలంతా వరస కట్టారు. మా దగ్గర ముద్ద పెడితే రెండు పెట్టాలి. ఒక్క ముద్ద తగవు తెస్తుంది, రెండోది చెలిమి తెస్తుంది. తఫెస్సెకి ఒకటి పెట్టగానే ఎవరో పిలిచారని జెనెబెచ్ అటు వెళ్లిపోయింది. ఆయన నోరు తెరుచుకుని మూడు పాటలు అయ్యేదాకా నిలబడ్డాడు. మర్నాడే జెముడు నాటాడు.

ఇప్పుడాయన మూట కట్టుకుని కూర్చున్నాడు. పండగ కాగానే కొండ మీది మఠానికి వెళ్లిపోతానని, ఇక తిరిగి రానని అందరికీ చెప్పాడు. పిల్ల చెయ్యి చూసి మొహం తిప్పేసుకున్నాడు.

పండక్కి మూడు వారాలే ఉన్నాయి. జెనెబెచ్ పళ్లెంలో వేడి ఇంజెరా, షిరో పెట్టుకుని, పిల్లని చంకనేసుకుని కంచె చుట్టూ తిరిగి వెళ్లింది.

"గాషె, మీకు రెండో ముద్ద తెచ్చాను."

"తొమ్మిదేళ్లా నడిచొచ్చావు, పక్కింటి నుంచి?"

"సిగ్గు మోసుకొచ్చాను గాషె, బరువుకి ఆలస్యమైంది."

"నేను నోరు తెరుచుకు నిలబడితే మీ అత్త నవ్వింది."

"ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నేను నవ్వలేదు. ఏడవలేక పెళ్లి శాలువా అంచు కొరుక్కున్నాను. తెరవండి."

ఆయన మూటని గుమ్మం పక్కకి జరిపాడు. తర్వాత నోరు తెరిచాడు. ఆ నోరు ఎంత పెద్దదంటే లోపల పోయినేటి గాలి ఉంది. జెనెబెచ్ ముద్ద పెట్టింది. ఆయన మింగకముందే తిరింగో ఆయన ఒళ్లోకెక్కి తన ముద్ద కూడా కుక్కింది.

ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ఆయన నమలడం, పిల్ల త్రేన్చడం. ఆయన చిక్కి కొయ్యలా అవుతుంటే జెనెబెచ్ విడిగా ఇంకో పళ్లెం పెట్టేది. పండగకి ముల్లు ఎర్రగీత దాటి, తూనిక ఊడి కింద పడింది. గొట్టం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"మరి మఠం, గాషె?"

"దీనికి దవడ పళ్లు రానీ."

వానలు మొదలయ్యాక ఒక పొద్దున జెనెబెచ్ ఇంజెరా తీస్తుంటే, తిరింగో అంచు చింపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. "ఇంకా" అంది. ఒకటిన్నర తిని, మా అత్తగారి వాటా... కాదు కాదు, జెనెబెచ్ అత్తగారి వాటా కూడా లాక్కుంది.

జెనెబెచ్ కంచె వైపు చూసింది. అవతల మూట ఇంకా గుమ్మం పక్కనే ఉంది. పిల్ల సొంతంగా తిన్న సంగతి జెనెబెచ్ ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం ఎప్పట్లాగే పిల్లని తీసుకుని వెళ్లింది.

తిరింగో ముద్ద పెట్టింది. తఫెస్సె నమిలి మింగి, ఆగిపోయాడు. ముద్ద ఈసారి పిల్ల కడుపులోకి పోలేదు, తన కడుపులోనే వెచ్చగా కూర్చుంది. చెయ్యి పొట్ట మీద పెట్టుకుని జెనెబెచ్ కేసి చూశాడు. జెనెబెచ్ చాలా శ్రద్ధగా కోడిపెట్టని చూస్తోంది.

"ఏమైనా అన్నావా, అమ్మాయ్?"

"లేదే. మీరేమైనా అన్నారా?"

"అబ్బే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "పిల్లకి ఇంకా నిండినట్టు లేదు. మరొకటి పెట్టమను."

ఇదంతా జరిగి నాలుగు వానాకాలాలైంది. సరే, కథ విన్నావుగా, కాళ్లు ఖాళీగానే ఉన్నాయిగా, లే. ఈ మేకు పట్టుకెళ్లి తఫెస్సెకి ఇచ్చిరా. బెల్టు మళ్లీ చాలడం లేదట, చివర్న ఇంకో చిల్లు పొడుచుకోవాలట. ఎందుకని మాత్రం అడక్కు.